చిప్ ముందా, టీకా ముందా: కుక్క విమానం ఎక్కే లెక్క

వీసా స్టాంపింగ్ అయింది. ఇల్లు ఖాళీ చేయడానికి తేదీ ఖాయమైంది, కారు అమ్ముడుపోయింది, గ్యాస్ కనెక్షన్ సరెండర్ చేశారు. టికెట్లు కూడా చేతికొచ్చాక, అంటే ప్రయాణం ఇరవై రోజుల్లో ఉందనగా, "మరి టామీ సంగతేంటి?" అన్న ప్రశ్న వస్తుంది. అమెరికా వెళ్లే చాలా తెలుగు ఇళ్లలో వరస ఇదే. అప్పటికి టామీతో కలిసి వెళ్లే అవకాశం దాటిపోయి ఉంటుంది. విమానంలో చోటు దొరక్క కాదు, డబ్బు చాలక కాదు. కుక్క రక్తంలో రేబీస్ యాంటీబాడీలు తగినన్ని తయారవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలను ఎంత ఖర్చు పెట్టినా, ఎంత పెద్ద ఏజెంట్‌ను పట్టుకున్నా కుదించలేం.

పెంపుడు జంతువుల విమాన ప్రయాణం అనగానే అందరూ ముందు అడిగేది క్యాబిన్‌లోకి రానిస్తారా, బోను ఎంత ఉండాలి, టికెట్ ఎంత అని. అవసరమైన ప్రశ్నలే, కాకపోతే వాటి వంతు తర్వాత. మొత్తం ప్రయాణాన్ని నడిపించేది ఒకే ఒక్క జబ్బు, రేబీస్. అడిగే కాగితాల్లో ఎక్కువ భాగం దాని కోసమే. ఆ సంగతి పట్టుబడితే, ఏ పని ఎప్పుడు చేయాలో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

అమెరికాలో కుక్కల నుంచి కుక్కలకు పాకే రేబీస్ రకం లేకుండా పోయిందని 2007లో ప్రకటించారు. గబ్బిలాలు, రకూన్ల ద్వారా వచ్చే రకాలు ఇంకా ఉన్నాయి కానీ, మన వీధుల్లో భయపెట్టే రకం అక్కడ లేదు. బయటి నుంచి మళ్లీ రాకుండా చూడటం అక్కడి ఆరోగ్య సంస్థ సీడీసీ పని. 2021 జూన్‌లో అజర్‌బైజాన్ నుంచి షికాగోకు తెచ్చిన ముప్పైకి పైగా కుక్కల్లో ఒకదానికి రేబీస్ బయటపడింది. టీకా వేసినట్టు దానికి కాగితం ఉంది. కొవిడ్ కాలంలో విదేశీ కుక్కలకు తప్పుడు టీకా సర్టిఫికెట్లు రావడం కూడా ఎక్కువైంది. అదే ఏడాది జులై 14 నుంచి రేబీస్ ముప్పు ఎక్కువున్న దేశాల కుక్కల రాకను సీడీసీ తాత్కాలికంగా ఆపేసింది. 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నిబంధనలు తెచ్చింది. ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో భారత్ ఉంది. అందుకే ఫ్రాన్స్ నుంచి వచ్చే కుక్కకు ఒక ఫారంతో పోయే పని హైదరాబాద్ కుక్కకు నెలల పని అవుతుంది.

ఏ దేశం నుంచి వచ్చినా అమెరికాలో దిగే కుక్కకు కనీసం ఆరు నెలల వయసుండాలి, మైక్రోచిప్ ఉండాలి, సీడీసీ ఫారం ఆన్‌లైన్‌లో నింపి ఉండాలి, చూడటానికి ఆరోగ్యంగా కనిపించాలి. భారత్‌లో టీకా వేయించుకున్న కుక్కకు ఇవి కాక మరికొన్ని ఉన్నాయి. టీకా, చిప్ వివరాలతో ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన పత్రం కావాలి. సీడీసీ ఆమోదించిన ల్యాబ్‌లో చేయించిన రక్తపరీక్ష ఫలితం కావాలి. దిగే విమానాశ్రయంలో సీడీసీ దగ్గర నమోదైన జంతు సంరక్షణ కేంద్రంలో ముందుగానే బుకింగ్ చేసుకోవాలి. దిగిన తర్వాత ఆ కేంద్రంలో పశువైద్యులు కుక్కను పరీక్షించి, అమెరికాలో అనుమతి ఉన్న రేబీస్ టీకా మళ్లీ వేస్తారు. రక్తపరీక్ష లేకుండా వస్తే కుక్క అక్కడే 28 రోజులు క్వారంటైన్‌లో ఉండాలి, ఖర్చు యజమానిదే. ఆ బిల్లు చూస్తే తల ప్రాణం తోకకొస్తుంది.

వరస తప్పితే మొదటికి

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ముందు చిప్, తర్వాత టీకా, ఆ తర్వాత రక్తపరీక్ష. ఈ వరస మారకూడదు.

మైక్రోచిప్ అంటే బియ్యపు గింజంత పరికరం. మెడ వెనక, రెండు భుజాల మధ్య చర్మం కింద ఇంజెక్షన్‌లా ఎక్కిస్తారు. అందులో బ్యాటరీ ఉండదు, జీపీఎస్ అంతకన్నా ఉండదు. స్కానర్ దగ్గర పెట్టినప్పుడు 15 అంకెల నంబరు చూపించడం తప్ప దానికి వేరే పని లేదు. కుక్క తప్పిపోతే ఫోన్‌లో కనిపిస్తుందనుకుని వేయించేవాళ్లు తర్వాత నిరాశపడతారు. చిప్ ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాలకు తగ్గదై ఉండాలి. లేకపోతే అవతలి దేశంలో స్కానర్ దాన్ని చదవలేదు. చదవలేని చిప్ ఉన్నా లేనట్టే లెక్క.

చిప్పే ముందెందుకు? టీకా కార్డు మీద "టామీ, గోధుమరంగు, మగ" అని రాసి ఉంటే, అది ఏ టామీయో అట్లాంటాలో సీడీసీ కార్యాలయంలో కూర్చున్న అధికారికి ఎలా తెలుస్తుంది? చిప్ నంబరు ఉంటే ఈ టీకా ఈ కుక్కకే పడిందని, ఈ రక్తం దీనిదేనని చెప్పొచ్చు. చిప్ వేయకముందు ఇచ్చిన టీకాలు వైద్యపరంగా పనిచేస్తూనే ఉంటాయి, కానీ ప్రయాణం లెక్కలోకి రావు. ఏటా క్రమం తప్పకుండా యాంటీ రేబీస్ వేయిస్తున్న వాళ్లు కూడా చిప్ వేయించి మళ్లీ టీకా దగ్గర్నుంచి మొదలుపెట్టాల్సి రావడం అందుకే. వాళ్ల చిరాకు న్యాయమైనదే. రెండూ ఒకే రోజు చేయించుకోవచ్చు, చిప్ ముందు వేసి ఆ నంబరును టీకా కార్డు మీద రాయించుకుంటే చాలు. టీకా సీసా మీది బ్యాచ్ నంబరు స్టిక్కర్ కార్డుకు అతికించారో లేదో క్లినిక్ దాటకముందే చూసుకోవాలి. ఆ స్టిక్కర్ కోసం రెండు నెలల తర్వాత క్లినిక్ చుట్టూ తిరగడం కంటే అది తేలిక.

రేబీస్ టీకా పిల్లకు 12 వారాలు నిండాకే లెక్కలోకి వస్తుంది. మొదటి టీకా తర్వాత 30 రోజులకు రక్తం తీయాలి. మిల్లీలీటరు రక్తరసిలో యాంటీబాడీలు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉన్నట్టు ల్యాబ్ తేల్చాలి. అమెరికాకైతే రక్తం తీసిన రోజు నుంచి 28 రోజులు, యూరోపియన్ యూనియన్ దేశాలకైతే మూడు నెలలు ఆగాలి. రక్తం తీసేనాటికి యాంటీబాడీలు టీకా వల్ల వచ్చాయా, అప్పటికే ఒంట్లో ఉన్న వైరస్ వల్ల వచ్చాయా అన్న అనుమానానికి ఇదే జవాబు. ఒకవేళ వైరస్ ఉంటే ఈ నిరీక్షణ కాలంలో చాలావరకు బయటపడుతుంది. అంటే ఆ రోజులు పరీక్షలో భాగమే. కాబట్టి ఎవరు సిఫార్సు చేసినా తగ్గవు.

లెక్క వేసి చూద్దాం. సంక్రాంతి పండగ హడావిడి అయ్యాక జనవరి 20న చిప్, టీకా వేయించారనుకుందాం. ఫిబ్రవరి 19న రక్తం ఇస్తే, అమెరికాలో అడుగుపెట్టగలిగేది మార్చి 19 తర్వాత. శాంపిల్ విదేశీ ల్యాబ్‌కు చేరి, ఫలితం వచ్చి, ప్రభుత్వ ధ్రువీకరణ అయ్యేసరికి ఏప్రిల్ వస్తుంది. జర్మనీకో ఫ్రాన్స్‌కో అయితే మే 19 దాకా ఆగాలి. అంటే రోహిణి కార్తె దగ్గర పడి, శంషాబాద్ రన్‌వే పెనంలా కాలే రోజులు. అదే సెప్టెంబరు 1న మొదలుపెడితే అక్టోబరు 1న రక్తం, అమెరికాకైతే అక్టోబరు నెలాఖరు, యూరప్‌కైతే కొత్త సంవత్సరం. చల్లటి కాలంలో ప్రయాణం. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లే కుక్కకు వినాయక చవితి ప్రాంతంలో పని మొదలుపెట్టడం అన్నిటికన్నా మేలు.

దేశానికో తీరు

బ్రిటన్ కూడా మూడు నెలల నిరీక్షణే అడుగుతుంది. అది కాక, దిగడానికి 24 నుంచి 120 గంటల ముందు కుక్కకు బద్దెపురుగుల మందు పశువైద్యుడే వేసి, సమయంతో సహా రాసివ్వాలి. ఒక గంట అటూ ఇటూ అయినా హీత్రూలో ఆపేస్తారు. పైగా బ్రిటన్‌కు విమానంలో వెళ్లే పెంపుడు కుక్క కార్గోగానే రావాలి. ముందు సీటు కింద పెట్టుకుని తీసుకెళ్లే వీలు లేదు.

ఆస్ట్రేలియా మరీ కఠినం. రేబీస్ లేని దేశం అది, అలాగే ఉంచుకోవాలన్న పట్టుదల ఎక్కువ. భారత్ నుంచి నేరుగా కుక్కను రానివ్వదు. ముందు వాళ్లు ఆమోదించిన వేరే దేశానికి తీసుకెళ్లి, అక్కడ నెలల తరబడి ఉంచి, అక్కడి కాగితాలతో వెళ్లి, మెల్‌బోర్న్ దగ్గర మికిల్‌హామ్ క్వారంటైన్ కేంద్రంలో గడపాలి. 2015లో హాలీవుడ్ నటుడు జానీ డెప్ దంపతులు రెండు చిన్న టెరియర్లను ప్రైవేటు విమానంలో చెప్పకుండా తీసుకెళ్తే, వాటిని వెంటనే వెనక్కి పంపకపోతే చంపేస్తామని అక్కడి వ్యవసాయ మంత్రి బహిరంగంగానే హెచ్చరించారు. అంత పేరున్న వాళ్ల కుక్కలే తిరుగు విమానం ఎక్కాయి.

పిల్లుల విషయంలో అమెరికా ఉదారంగా ఉంటుంది. సీడీసీ పిల్లులకు రేబీస్ టీకా పత్రం అడగదు. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్లికి వెళ్లడం గురించి సామెత ఏం చెప్పినా, అమెరికాకు మాత్రం కుక్కతో కంటే పిల్లితో వెళ్లడమే సులువు. విమాన సంస్థ, చేరే రాష్ట్రం ఏం అడుగుతాయో వేరే చూసుకోవాలి.

అమెరికా టికెట్ కొనేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. సీడీసీ దగ్గర నమోదైన కేంద్రాలు అన్ని విమానాశ్రయాల్లో లేవు. అట్లాంటా, న్యూయార్క్ జేఎఫ్‌కే, లాస్ ఏంజెలిస్, మయామీ, వాషింగ్టన్ డల్లెస్ లాంటి కొన్నిచోట్లే ఉన్నాయి. డాలస్‌లో ఉండే తెలుగు కుటుంబం దోహా నుంచి నేరుగా డాలస్‌కు టికెట్ కొంటే, ఆ విమానంలో ఇక్కడ టీకా వేయించుకున్న కుక్కను తీసుకెళ్లలేరు. ముందు అట్లాంటాలోనో న్యూయార్క్‌లోనో దించి, కేంద్రంలో పని ముగించుకుని, అక్కడి నుంచి వేరే విమానమో కారో చూసుకోవాలి. టికెట్ కొన్నాక ఈ సంగతి తెలిసినవాళ్లు మార్పు రుసుము కట్టి నేర్చుకున్నారు.

మధ్యలో ఆగే చోటు కూడా ముఖ్యమే. గల్ఫ్ విమాన సంస్థల దారి తెలుగువాళ్లకు అలవాటైనదే కానీ, ఎమిరేట్స్ క్యాబిన్‌లోకి కుక్కనూ పిల్లినీ రానివ్వదు. కొన్ని పాకిస్తాన్ రూట్లలో డేగను మాత్రం రానిస్తుంది, అది ఆ ప్రాంతపు వేట సంప్రదాయానికి ఇచ్చిన మర్యాద. ఫ్రాంక్‌ఫర్ట్‌లో జంతువుల కోసమే ప్రత్యేక లాంజ్ 2008 నుంచి నడుస్తోంది. పొడవైన ప్రయాణంలో అక్కడ బోను శుభ్రం చేసి, నీళ్లు పెట్టి, కాళ్లు చాపుకోనిస్తారు. రెండు వేర్వేరు టికెట్లు కొని మధ్యలో సామాను తీసుకుని మళ్లీ చెక్-ఇన్ చేయాల్సిన ప్రయాణాలు కుక్కతో పెట్టుకోకూడదు. బయటికి తీసిన మరుక్షణం ఆ దేశపు నిబంధనలన్నీ మెడకు చుట్టుకుంటాయి.

బోను కొలతలు

వాడుకలో క్రేట్ అనే ఈ బోనుకు అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఐఏటీఏ లెక్క ఒకటి ఉంది. కుక్కను నిలబెట్టి నాలుగు కొలతలు తీయాలి. ముక్కు నుంచి తోక మొదలు దాకా పొడవు, నేల నుంచి ముంగాలి మోచేతి దాకా ఎత్తు, భుజాల దగ్గర వెడల్పు, నేల నుంచి తలో చెవులో ఏది పైన ఉంటే అంత ఎత్తు. క్రేట్ లోపలి పొడవు, కుక్క పొడవుకు మోచేతి ఎత్తులో సగం కలిపినంత ఉండాలి. వెడల్పు భుజాల వెడల్పుకు రెట్టింపు. ఎత్తు తల పైదాకా, దానికి పరుపు మందం కలపాలి. కుక్క లోపల తల వంచకుండా నిలబడాలి, వెనక్కి తిరగాలి, చాపుకుని పడుకోవాలి. ఈ సూత్రం అందుకే.

మధ్యరకం దేశీ కుక్క ఒకటి 80 సెంటీమీటర్ల పొడవు, 34 మోచేతి ఎత్తు, 20 భుజాల వెడల్పు, 62 తల ఎత్తు ఉందనుకుంటే, క్రేట్ కనీసం 97 పొడవు, 40 వెడల్పు, పరుపుతో కలిపి 65 ఎత్తు ఉండాలి. కార్గోలో ఛార్జీ అసలు బరువు, ఘనపరిమాణపు బరువు రెండింటిలో ఎక్కువైన దానికి వేస్తారు. సెంటీమీటర్లలో మూడు కొలతలను గుణించి 6,000తో భాగిస్తే వచ్చేది ఘనపరిమాణపు బరువు. ఇక్కడ అది 42 కిలోలు. కుక్కా క్రేటూ కలిపి 28 కిలోలే ఉన్నా బిల్లు 42 కిలోలకే వస్తుంది. కుక్క బరువు చూసి బడ్జెట్ వేసుకున్నవాళ్లు తడబడేది ఇక్కడే. అలాగని చిన్న క్రేట్ కొనడం తెలివి కాదు, కౌంటర్‌లో తిప్పి పంపేస్తారు.

తలుపుకు గట్టి గడియ, రెండు భాగాలను కలిపే చోట లోహపు బోల్టులు, నాలుగు వైపులా గాలి రంధ్రాలు, తలుపు తీయకుండానే బయటి నుంచి నింపగలిగే నీళ్ల గిన్నె ఉండాలి. చక్రాలుంటే తీసేయాలి. లోపల గడ్డి పరచకూడదు, పీల్చుకునే ప్యాడ్ వేయాలి.

విమానం అడుగున సామాను పెట్టే హోల్డ్ అనగానే చీకటి, చలి, గాలి లేని గది గుర్తొస్తుంది. నిజానికి జంతువులను ఉంచే భాగంలో గాలి ఒత్తిడి ప్రయాణికుల క్యాబిన్‌లో ఉన్నంతే ఉంటుంది, ఉష్ణోగ్రతను కూడా అదుపులో ఉంచుతారు. అసలు ప్రమాదం విమానం గాల్లో ఉన్నప్పుడు కాదు, నేల మీద ఉన్నప్పుడు. సామాను బండి మీద ఎండలో నిలబెట్టిన అరగంట, తలుపులు తెరిచి ఏసీ లేకుండా ఆగిన ఇరవై నిమిషాలు, అవీ కుక్క ప్రాణానికి పరీక్ష. ఎండలు ముదిరిన నెలల్లో చాలా విమాన సంస్థలు జంతువులను తీసుకోకపోవడానికి కారణం ఇదే. వేసవిలో తప్పనిసరైతే అర్ధరాత్రి బయల్దేరే విమానం చూడాలి.

ముక్కు చప్పిడిగా ఉండే జాతుల సంగతి వేరు. పగ్, బుల్‌డాగ్, షీట్జూ, బాక్సర్, పిల్లుల్లో పెర్షియన్. కుక్క ఒంట్లో వేడిని తగ్గించుకునేది ప్రధానంగా రొప్పడం వల్ల. గాలి దారులు ఇరుకైన పగ్‌కు ఆ పని మామూలు రోజుల్లోనే కష్టం. అమెరికా రవాణా శాఖ 2005 మే నుంచి 2010 మే దాకా విమానాల్లో చనిపోయిన 122 కుక్కల లెక్క ప్రకటించింది. అందులో ఇంగ్లిష్ బుల్‌డాగ్‌లు 25, పగ్‌లు 11. మొత్తంలో సుమారు సగం చప్పిడి ముక్కు జాతులే. ప్రకటనల్లో చూసి ముచ్చటపడి హైదరాబాద్ ఎండల్లో పగ్‌ను పెంచడమే దానికి పెట్టిన పరీక్ష, దాని మీద ఇరవై గంటల ప్రయాణం కూడా పెట్టకపోవడం మంచిది. పదకొండేళ్లు దాటిన, గుండె జబ్బున్న కుక్కకూ ఇదే వర్తిస్తుంది. అలాంటి కుక్కను అలవాటైన వాళ్లింట్లో వదిలివెళ్లడాన్ని తప్పుగా చూడాల్సిన పని లేదు.

"మత్తు మాత్ర వేస్తే హాయిగా నిద్రపోతుంది" అనే సలహా ఇంకా వినిపిస్తూనే ఉంది. వినకూడదు. మత్తులో ఉన్న జంతువుకు రక్తపోటు, శ్వాస పడిపోతాయి. విమానం కుదిపినప్పుడు కాళ్లు నిలదొక్కుకోలేదు, వేడికి సరిగ్గా రొప్పలేదు. అమెరికా పశువైద్య సంఘం, ఐఏటీఏ రెండూ వద్దనే అంటున్నాయి. మత్తు ఇచ్చారని తెలిస్తే చాలా సంస్థలు ఎక్కించుకోవు.

మాత్ర చేయలేని పని అలవాటు చేస్తుంది. కనీసం రెండు నెలల ముందు క్రేట్ కొని హాల్లో తలుపు తీసి పెట్టాలి. అన్నం అందులోనే పెట్టాలి, రాత్రి నిద్ర అందులోనే. తర్వాత తలుపు మూసి పది నిమిషాలు, గంట, మూడు గంటలు. ఆ తర్వాత క్రేట్‌తో సహా కారులో ఔటర్ రింగ్ రోడ్డు మీద తిప్పాలి. పరాయి వాసన వేసే పెట్టెలో కుక్కకు భయం, పాత దుప్పటి వాసన వేసే పెట్టె దానికి గది. పెరుగన్నం తిని పెరిగిన కుక్కకు ప్రయాణం రోజున కొత్త డ్రైఫుడ్ పెట్టడం కడుపు చెడగొట్టుకోవడమే. మార్చాలనుకుంటే నెల ముందు నుంచి కలుపుతూ మార్చాలి. బయల్దేరడానికి కొన్ని గంటల ముందు తేలికగా తినిపించి, బాగా నడిపించి, గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి పెడితే ఒలకకుండా నెమ్మదిగా కరుగుతాయి.

దేశంలోపల ప్రయాణానికి ఇంత తతంగం లేదు. టీకా కార్డు, ఆరోగ్య ధ్రువపత్రం ఉంటే చాలావరకు సరిపోతుంది. ఆకాశ ఎయిర్ 2022 నవంబరు నుంచి పెంపుడు జంతువులను తీసుకుంటోంది, ఎయిర్ ఇండియా అంతకుముందు నుంచే. ఇండిగోలో సర్వీస్ డాగ్‌లకు తప్ప చోటు లేదు. బరువు పరిమితులు మారుతుంటాయి కాబట్టి సీటుకు ముందు ఫోన్ చేసి జంతువుకు చోటు ఖాయం చేసుకోవడం మేలు, ఒక్కో విమానంలో ఒకటి రెండింటినే అనుమతిస్తారు.

విదేశానికైతే చివరి వారంలో కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్, ధ్రువీకరణ సేవల కార్యాలయం, అందరూ ఏక్యూసీఎస్ అనేది, కుక్కను చూసి ఎగుమతి ఆరోగ్య ధ్రువపత్రం ఇవ్వాలి. ఇవి ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నాయి. విశాఖ, విజయవాడ వాళ్లు ఈ చివరి వారానికి హైదరాబాద్‌లోనో చెన్నైలోనో మకాం చూసుకోవాలి. రైల్లో ఫస్ట్ ఏసీ కూపే మొత్తం బుక్ చేసుకుంటే కుక్కను వెంట ఉంచుకోవచ్చు. అమెరికాకైతే ప్రయాణానికి ఐదు రోజుల్లోపు చూసి, ఒంటి మీద పుండ్లలో స్క్రూవార్మ్ ఈగ పురుగులు లేవని రాసిన పత్రం కూడా కావాలి. ఇది చాలామంది మర్చిపోతారు, ఏజెంట్లు సైతం.

వెనక్కి వచ్చే దారి గురించి ఒక మాట. అమెరికాలో పెంచుకుంటున్న కుక్కను సెలవులకు తాతయ్య, అమ్మమ్మలకు చూపిద్దామని తెచ్చేయడం కుదరదు. 2013 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, రెండేళ్లు వరసగా విదేశాల్లో ఉండి ఇక్కడ స్థిరపడటానికి వచ్చేవాళ్లే, మనిషికి రెండు పెంపుడు జంతువుల చొప్పున, బ్యాగేజీ కింద తెచ్చుకోవచ్చు. అదీ ముందుగా ఏక్యూసీఎస్ నిరభ్యంతర పత్రం తీసుకుని. 2022లో యుక్రెయిన్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన విద్యార్థుల కుక్కలకు, పిల్లులకు కేంద్రం ఒక్కసారికి సడలింపు ఇచ్చింది. అప్పుడే తణుకుకు చెందిన ఓ తెలుగు డాక్టర్ తన జాగ్వార్‌ను, చిరుతను వదిలి రానని యుద్ధభూమిలోనే ఉండిపోయి వార్తల్లోకెక్కాడు. వాటికి ఏ సడలింపూ వర్తించదు మరి.

స్థిరపడటానికే వచ్చినా, మళ్లీ అమెరికా వెళ్లే అవకాశం కొంచెం ఉన్నా, అక్కడి నుంచి బయల్దేరకముందే చేయాల్సిన పని ఒకటి ఉంది. అమెరికాలో వేసిన రేబీస్ టీకాకు సంబంధించిన సీడీసీ ఫారాన్ని అక్కడి పశువైద్యుడితో నింపించి, అమెరికా వ్యవసాయ శాఖ చేత ధ్రువీకరణ వేయించుకోవాలి. ఆ టీకా గడువు ఉన్నంతకాలం ఆ ఫారంతో తిరిగి వెళ్తే రక్తపరీక్ష, సంరక్షణ కేంద్రం బుకింగ్ ఏవీ అక్కర్లేదు. కానీ విమానం ఎక్కేశాక, హైదరాబాద్‌లో కూర్చుని ఆ ముద్ర వేయించుకోవడం కుదరదు. అప్పుడు ఆ అమెరికా కుక్క కూడా ఇక్కడి టామీల వరసలోనే నిలబడి రక్తం ఇచ్చుకోవాలి.